ఇంగ్లండ్ పాత తోటలకి వెళ్తున్నారా? పూలకంటే ముందు వేడిని వెతకండి

ఇండియా నుంచి అమ్మానాన్నో అత్తమామలో వస్తే లండన్‌లో ఉండే మనవాళ్ళు తప్పకుండా తీసుకెళ్ళే చోట్లలో క్యూ గార్డెన్స్ అనే బొటానికల్ గార్డెన్ ఒకటి. గేటు దగ్గర ఒక ఫోటో, పెద్ద అద్దాల మేడ ముందు ఇంకో పది ఫోటోలు, మధ్యలో కాఫీ, సాయంత్రానికి కాళ్ళు పీక్కుపోయి ఇంటికి చేరడం. ఏం చూశారని ఎవరైనా అడిగితే "చాలా పెద్దది, బాగుంది" అంతే. ఇలాంటి తోటని ఎలా చూడాలో చెప్పేవాళ్ళు లేకపోతే అంతకంటే ఏం మిగులుతుంది? ఈ తోటలు షికారు కోసం పుట్టినవి కావు. మందుమొక్కలు గుర్తుపట్టడం కుర్రాళ్ళకి నేర్పడానికి ఒకటి పెట్టారు, దేశదేశాల మొక్కలు తెచ్చి ఏది ఎక్కడ పండుతుందో చూడ్డానికి ఇంకొకటి, రాజుగారి భోజనాల బల్లకి కూరలూ పళ్ళూ పంపడానికి మరొకటి. అన్నీ పని జరిగిన చోట్లే. ఆ పని ఆనవాళ్ళు ఇప్పటికీ గోడల్లో, గొట్టాల్లో, లేబుళ్ళలో ఉన్నాయి. వాటిని పట్టుకుంటే రోజంతా తిరిగినా విసుగు రాదు.

నేను పాటించే పద్ధతి చెప్తాను. ఏ తోటకి వెళ్ళినా ఒకే ప్రశ్నతో మొదలుపెడతాను: ఈ చలిదేశంలో వీళ్ళకి వేడి ఎక్కడినుంచి వచ్చింది? మనకి అరటిచెట్టు పెరట్లో బావిగట్టు పక్కన దానంతట అది పెరుగుతుంది. ఇక్కడ దాన్ని బతికించడానికి బొగ్గు, ఇనుము, అద్దం, రాత్రిళ్ళు మేలుకునే మనుషులు కావాల్సొచ్చింది. వేడి దారి పట్టుకుని వెళ్తే తోట మొత్తం అర్థమవుతుంది.

క్యూతోనే చూద్దాం. డిస్ట్రిక్ట్ లైన్‌లో క్యూ గార్డెన్స్ స్టేషన్లో దిగి విక్టోరియా గేటు వైపు నడిస్తే, గేటుకి దగ్గర్లో ఇటుకలతో కట్టిన ఎత్తైన టవర్ ఒకటి కనిపిస్తుంది. చాలామంది దాన్ని గంటల గోపురమో చర్చి ముక్కో అనుకుని దాటిపోతారు. అది పామ్ హౌస్ అనే పెద్ద అద్దాల మేడ పొగగొట్టం. పామ్ హౌస్ 1844 నుంచి 1848 మధ్య కట్టారు, డెసిమస్ బర్టన్, రిచర్డ్ టర్నర్ అనే ఇద్దరిదీ ఆ పని. అంత అందమైన అద్దాల మేడ పక్కన పొగ కక్కే గొట్టం కనపడకూడదని, బాయిలర్ల పొగని నేల కింద సొరంగంలోంచి ఇంత దూరం తెచ్చి ఈ టవర్‌లోంచి వదలాలని ప్లాన్ వేశారు. బొగ్గు కూడా ఆ సొరంగంలోనే పట్టాల మీద వెళ్ళేది. ముందు ఆ టవర్ దగ్గర నిలబడండి, తర్వాత పామ్ హౌస్‌కి నడవండి. మీ కాళ్ళ కింద ఆ దారి ఉందని తెలిసి నడిస్తే లోపలున్న కొబ్బరిచెట్టు వేరేగా కనిపిస్తుంది.

లోపలికి వెళ్ళేముందు కోటు విప్పేయండి, కళ్ళజోడు, కెమెరా లెన్సు రెండూ ఆవిరి పట్టేస్తాయి కాబట్టి ఓ అయిదు నిమిషాలు ఫోటోల ఊసెత్తకుండా ఊరికే నిలబడండి. మన గోదావరి జిల్లాల్లో వానపడ్డ మధ్యాహ్నం ఎలా ఉంటుందో అలాంటి ఉక్క. అరటి, కోకో, కాఫీ, రబ్బరు అన్నీ ఒకే కప్పు కింద. అక్కడ ఒక మూల కుండీలో ఉన్న, చూడ్డానికి ఈతచెట్టులా ఉండే సైకాడ్ మొక్కని మాత్రం వదలొద్దు. ఫ్రాన్సిస్ మాసన్ అనే ఆయన దక్షిణాఫ్రికా నుంచి 1775లో తెచ్చాడు, అంటే పామ్ హౌస్ కట్టడానికి డెబ్భై ఏళ్ళ ముందే క్యూకి వచ్చి, ఇప్పటికీ కుండీలోనే బతుకుతోంది. పక్కనే ఉన్న వాటర్‌లిలీ హౌస్ 1852లో కట్టినది, చిన్నదే కానీ తోటలోకెల్లా వేడైన గది. వేసవిలో పళ్ళాల్లాంటి పెద్ద లిల్లీ ఆకులతోపాటు తామరలు, పైన కడ్డీలకి పాకించిన నేతిబీర తీగలు కూడా ఉంటాయి, మన పెద్దవాళ్ళకి ఆ నేతిబీర కనపడగానే వచ్చే హుషారు ఇంకే పువ్వుకీ రాదు. చలికాలంలో ఆ గది మూసేస్తారు. ఇంకోటి, ఈ రెండు గ్లాస్‌హౌస్‌లకీ పెద్ద ఎత్తున మరమ్మతులు చేస్తామని క్యూ వాళ్ళు ప్రకటించారు, కాబట్టి టికెట్ కొనేముందు ఏవి తెరిచి ఉన్నాయో వెబ్‌సైట్‌లో చూసుకోండి. టికెట్ ఆన్‌లైన్‌లో ముందే కొంటే గేటు దగ్గరకంటే తక్కువ పడుతుంది.

క్యూ 300 ఎకరాలకి పైగా ఉంటుంది. ఒక్క రోజులో మొత్తం చూడాలనుకోకండి, ముఖ్యంగా మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో. ఉత్తరం వైపు సగం ఒక రోజు, దక్షిణం సగం ఇంకో రోజు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఉత్తరం వైపు ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్ కన్సర్వేటరీ అనే గ్లాస్‌హౌస్ దగ్గర్లో 1762లో నాటిన గింకో చెట్టుంది. ఈ దేశపు చలికి తట్టుకుంటుందో లేదో అని భయపడి దాన్ని అప్పట్లో గ్రేట్ స్టవ్ అనే వేడి గది గోడకి ఆనించి పెంచారు. ఆ గదిని 1861లో కూలగొట్టేశారు. చెట్టు మిగిలింది, ఆ గది మీదకి పాకిన విస్టీరియా తీగ కూడా మిగిలింది, ఇప్పుడు దానికి ఇనప చట్రం ఆసరా. గోడ పోయినా గోడని నమ్ముకున్నవి బతికే ఉన్నాయన్నమాట. బోర్డులో ఒక వాక్యంలో రాసి వదిలేస్తారు కాబట్టి చదవకపోతే తెలీదు.

అక్కడినుంచే లేబుల్ చదవడం అలవాటు చేసుకోండి. ఇది పావుగంటలో వచ్చే విద్య. క్యూలో చెట్లకి కట్టిన చిన్న నల్ల లేబుల్ మీద శాస్త్రీయ నామం, కుటుంబం, ఏ ప్రాంతపు మొక్క అనేవి కాకుండా ఒక నంబర్ కూడా ఉంటుంది. దాని మొదటి నాలుగు అంకెలు ఆ మొక్క తోట రిజిస్టర్లోకి ఎక్కిన సంవత్సరం. పిల్లలకి ఇది మంచి ఆట, తమ పుట్టిన ఏడాది మొక్క ఎవరికి ముందు దొరుకుతుందో చూద్దామంటే గంటసేపు గోల లేకుండా తిరుగుతారు. ఇక శాస్త్రీయ నామం చివర పొట్టి అక్షరాలు కనిపిస్తాయి, అవి ఆ పేరు పెట్టిన మనిషివి. ఒక్క 'ఎల్.' ఉంటే లిన్నేయస్, మొక్కలకి రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి స్థిరపరిచిన ఆయన. 'రాక్స్‌బ్.' అని ఉంటే మాత్రం ఆగండి, అది విలియం రాక్స్‌బర్గ్, ఆయన చాలా ఏళ్ళు పనిచేసింది మన సామర్లకోటలో.

ఈ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలీదు, అందుకే కాస్త వివరంగా చెప్తున్నాను. ఈస్టిండియా కంపెనీ డాక్టరుగా వచ్చిన రాక్స్‌బర్గ్ 1780లలో సామర్లకోటలో ఉండి అక్కడ ప్రయోగాల తోట పెట్టాడు. మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, నీలిమందు లాంటివి అక్కడ పండుతాయేమో చూశాడు. చుట్టుపక్కల కొండల్లో, పొలాల్లో దొరికిన మొక్కలన్నిటికీ మనదేశపు చిత్రకారులచేత బొమ్మలు వేయించి, వాటికి స్థానికులు ఏమంటారో తెలుగు పేర్లతో సహా రాసుకున్నాడు. ఆ బొమ్మల్లోంచి ఎంచిన 300తో కోరమాండల్ తీరపు మొక్కల మీద పెద్ద పుస్తకం 1795 నుంచి లండన్‌లో అచ్చయింది. బీడీ ఆకు వచ్చే తునికి చెట్టుకి డయోస్పైరోస్ మెలనోక్సిలాన్ అని పేరు పెట్టింది ఈయనే. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కి సూపరింటెండెంట్‌గా వెళ్ళిపోయాడు. ఆయన వేయించిన బొమ్మలు మొత్తం రెండున్నర వేల దాకా ఉంటాయి, ఒక సెట్టు కలకత్తాలో, ఇంకోటి క్యూలో ఉన్నాయి. మామూలు టికెట్‌తో వాటిని చూపించరు, అవి పరిశోధకులకే. కానీ సామర్లకోట మొక్కల బొమ్మలు క్యూ బీరువాల్లో ఉన్నాయని తెలిసి ఆ తోటలో తిరగడం, తెలియక తిరగడం ఒకటి కాదు. ఆ బొమ్మలు వేసినవాళ్ళలో చాలామంది పేర్లు మాత్రం మనకి మిగల్లేదు, అది నన్ను బాధపెట్టే విషయం.

లండన్‌లోనే ఉన్న చెల్సీ ఫిజిక్ గార్డెన్ క్యూకి పూర్తిగా వ్యతిరేకం. నాలుగెకరాలే, నాలుగువైపులా ఎత్తైన గోడ, థేమ్స్ పక్కన. 1673లో మందులు తయారుచేసేవాళ్ళ సంఘం తమ దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్ళకి మొక్కలు చూపించడానికి పెట్టింది. ఆకు గుర్తుపట్టడంలో పొరపాటు చేస్తే రోగి ప్రాణం పోతుంది, అందుకని పాఠం తోటలోనే చెప్పేవాళ్ళు. తర్వాత ఆ భూమి హాన్స్ స్లోన్ చేతికొచ్చింది, ఈయన సేకరణలతోనే బ్రిటిష్ మ్యూజియం మొదలైంది. 1722లో ఆయన ఏడాదికి 5 పౌండ్ల అద్దెకి తోటని శాశ్వతంగా సంఘానికి రాసిచ్చాడు. ఒక షరతు పెట్టాడు: ఏటా 50 కొత్త మొక్కల నమూనాలు ఎండబెట్టి రాయల్ సొసైటీకి ఇవ్వాలి, 2,000 అయ్యేదాకా. తోట బద్ధకించకుండా చూడ్డానికి ఇంతకంటే మంచి ఉపాయం ఉండదనిపిస్తుంది. మామూలు జనానికి గేటు తెరిచింది మాత్రం 1983లోనే.

ఇక్కడ వేడి సంగతి చూడండి. బాయిలర్ అక్కర్లేకుండానే ఆరుబయట ఆలివ్ చెట్టు కాయలు కాస్తుంది, గ్రేప్‌ఫ్రూట్ చెట్టు కూడా ఉంది. గోడలు చలిగాలిని ఆపుతాయి, పగలు ఎండని తాగి రాత్రి వదుల్తాయి, చుట్టూ ఊరి వెచ్చదనం ఎటూ ఉంది. మధ్యలో ఒక రాతి గుట్ట ఉంటుంది, 1773 నాటిది. అందులో లండన్ టవర్ అనే పాత కోట నుంచి వచ్చిన రాళ్ళు, మొక్కల శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ ఐస్‌లాండ్ నుంచి తెచ్చిన నల్లటి లావా రాళ్ళు కలిసి ఉన్నాయి. వంగి చూస్తే నున్నగా చెక్కిన రాయి పక్కనే చిల్లులు చిల్లులుగా ఉన్న లావా తేడా స్పష్టంగా తెలుస్తుంది.

మందుమొక్కల మడుల దగ్గర తీరిగ్గా గడపండి. మన ఇళ్ళ ముందు, సమాధుల దగ్గర ఎవరూ నీళ్ళు పొయ్యకపోయినా పూసే బిళ్ళగన్నేరు ఇక్కడ క్యాన్సర్ మందుల మొక్కగా మర్యాదగా కూర్చుని ఉంటుంది. మడగాస్కర్ మొక్క అది, దాని ఆకుల్లోంచి తీసిన విన్‌క్రిస్టీన్‌ని పిల్లల రక్త క్యాన్సర్‌కి వాడతారు. ఇంట్లో పెద్దవాళ్ళు వెంట ఉంటే వాళ్ళనే గైడ్లు చెయ్యండి. "ఇది మనూళ్ళో దేనికి వాడేవాళ్ళు?" అని అడగండి చాలు. అలాగని విన్నదల్లా ఇంటికెళ్ళి ప్రయత్నించకండి, ఆ మడుల్లో చాలా మొక్కలు మోతాదు మించితే విషమే. చిన్నపిల్లలు ఆకులు నోట్లో పెట్టుకోకుండా కనిపెట్టుకుని ఉండాలి. ఇక్కడికి స్లోన్ స్క్వేర్ స్టేషన్ దగ్గర, నడిచి వెళ్ళొచ్చు. శనివారం మూసి ఉండటం ఇక్కడి ఆనవాయితీ, కాబట్టి వీకెండ్ ప్లాన్ అయితే ఆదివారం చూసుకోండి.

ఇక కిచెన్ గార్డెన్లు. నిజం చెప్పాలంటే నాకు బొటానికల్ గార్డెన్ల కంటే ఇవే ఎక్కువ ఇష్టం, మనవాళ్ళు వీటిని దాదాపు పట్టించుకోరు. పెద్ద పెద్ద బంగళాలకి వెళ్తారు, షాండ్లియర్లు చూస్తారు, వెనకాల గోడల మధ్య ఉన్న కూరగాయల తోట దాకా వెళ్ళకుండానే తిరిగొస్తారు. వెళ్ళండి. వెళ్ళి ముందు గోడ చూడండి, తర్వాతే మొక్క. దక్షిణం ఎండ పడే గోడకి పీచ్, యాప్రికాట్ చెట్లని విసనకర్ర విప్పినట్టు పరిచి కట్టేస్తారు, కొమ్మలన్నీ గోడకి అంటుకుని ఇటుక వేడి తాగుతాయి. ఎండ పడని గోడకి పుల్ల చెర్రీ, దానికి చల్లదనం చాలు. పాత గోడల ఇటుకల సందుల్లో వందల కొద్దీ మేకుల రంధ్రాలు, అక్కడక్కడా తుప్పు పట్టిన మేకులు వేలికి తగుల్తాయి. ప్రతి మేకూ ఒక కొమ్మని కట్టడానికి ఎవరో నిచ్చెనెక్కి చలిలో కొట్టినదే. కొన్ని చోట్ల గోడ మామూలుకంటే మందంగా ఉంటుంది, లోపల పొగ తిరిగే దారులు కట్టి, వసంతంలో మంచు పడే రాత్రుల్లో వెనక పొయ్యి రాజేసేవాళ్ళు, పూత రాలకుండా. గోడ వెనక్కి వెళ్ళి చిన్న పొయ్యి తలుపు ఉందేమో చూడండి. కనిపిస్తే ఆ గోడ లోపల బోలు అన్నమాట.

హాంప్టన్ కోర్ట్ అనే రాజుల ప్యాలెస్‌కి లండన్ వాటర్లూ స్టేషన్ నుంచి రైలుంది. అక్కడి కిచెన్ గార్డెన్ ఆరెకరాల్లో ఉంది, ఎనిమిదో హెన్రీ రాజు గుర్రాల మీద ఈటెల పోటీల కోసం తయారుచేయించిన మైదానం అది, తర్వాత కూరగాయల తోటైంది, పాత పద్ధతిలో మళ్ళీ వేసి 2014లో తెరిచారు. మడుల్లో ఇప్పుడు సూపర్‌మార్కెట్‌లో దొరకని పాత రకాలుంటాయి. కానీ ప్యాలెస్ తోటల్లో అసలు చూడాల్సింది గ్రేట్ వైన్ అనే ద్రాక్ష తీగ. అప్పట్లో పేరుమోసిన తోటల రూపకర్త కేపబిలిటీ బ్రౌన్ 1768లో నాటాడు. ఒక్క పాదు. మొదలు చుట్టుకొలత సుమారు 4 మీటర్లు, గ్లాస్‌హౌస్ కప్పంతా అదొక్కటే అల్లుకుని ఉంటుంది. అందరూ లోపల గుత్తులు చూసి వచ్చేస్తారు, మీరు బయటికొచ్చి పక్కనున్న ఖాళీ నేల చూడండి. ఒక్క గడ్డిపరక లేకుండా అంత స్థలం ఎందుకు వదిలారంటే వేళ్ళన్నీ దాని కింద ఉన్నాయి, వాటి తిండికి ఇంకేదీ పోటీ రాకూడదని పైన ఏమీ నాటరు. నల్ల ద్రాక్ష, ఏడాదికి సగటున 270 కిలోల దాకా కాస్తుంది. సెప్టెంబరు మొదట్లో వెళ్తే ఆ పళ్ళు అమ్మకానికి ఉంటాయి, తియ్యగా రసంగా గింజతో ఉంటాయి, దొరికితే తప్పక కొనండి.

కాస్త దూరం వెళ్ళే ఓపికుంటే ఇంగ్లండ్ నైరుతి కొసన కార్న్‌వాల్లో హెలిగన్ అనే పాత ఎస్టేటు తోట ఉంది. లండన్ నుంచి ఒక రోజులో వెళ్ళిరావడం కుదరదు, రెండు రాత్రులైనా ఉండేలా పెట్టుకోండి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు అక్కడ 22 మంది తోటమాలులు ఉండేవాళ్ళు. వాళ్ళలో చాలామంది యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు, తోట ముళ్ళపొదల కింద కప్పబడిపోయింది, 1990 తర్వాత మళ్ళీ బయటికి తీశారు. పనివాళ్ళు వాడిన ఒక మరుగుదొడ్డి గది గోడ మీద వాళ్ళు పెన్సిల్‌తో రాసుకున్న పేర్లున్నాయి, కింద 1914 ఆగస్టు అని తేదీ. అక్కడే అనాసపండ్ల గుంట ఉంది. బొగ్గు లేదు, గొట్టాలు లేవు, గుర్రపు లద్దె మాత్రమే. పైన అద్దాలు కప్పిన గుంట పక్కనే కందకాలు తవ్వి వాటినిండా పచ్చి లద్దె, గడ్డి దట్టిస్తారు, అది కుళ్ళుతూ పుట్టించే వేడి ఇటుకల సందుల్లోంచి మొక్కల దగ్గరికి వెళ్తుంది. వేడి తగ్గగానే మళ్ళీ లద్దె మార్చాలి, రాత్రీ పగలూ లేదు. మన పొలాల్లో పెంటదిబ్బలోకి చెయ్యి పెట్టినవాళ్ళకి ఆ వేడి ఏమిటో కొత్తగా చెప్పక్కర్లేదు. ఒక్క అనాసపండు కోసం అంత చాకిరీ చేయించుకున్న వాళ్ళ డాబు, ఆ చాకిరీ చేసినవాళ్ళ నేర్పు, రెండూ ఆ గుంట దగ్గర కనిపిస్తాయి. నేనైతే నేర్పు చూడ్డానికే వెళ్తాను.

ఏ నెల అని అడుగుతారు. కూరగాయల మడులు నిండుగా ఉండేది జూలై నుంచి సెప్టెంబరు దాకా. ఆపిల్స్ కోసం అయితే సెప్టెంబరు, అక్టోబరు. ఏప్రిల్ చివర క్యూలో నీలి బ్లూబెల్స్, మార్చి ఏప్రిల్‌లో మాగ్నోలియాలు. జనవరిలో వెళ్ళొద్దని అందరూ అంటారు, నేను మాత్రం గోడలు చూడాలంటే జనవరే మంచిదంటాను. ఆకులు రాలిపోయి చెట్టు అస్థిపంజరం కనిపిస్తుంది, ఏ కొమ్మని ఎక్కడ కత్తిరించి ఎటు మళ్ళించారో అప్పుడే తెలుస్తుంది, జనం కూడా ఉండరు.

వాలంటీర్లతో, తోటమాలులతో మాట్లాడండి, మొహమాటం వద్దు. "ఇదేం మొక్క" అంటే పేరు చెప్పి ఊరుకుంటారు. "ఈ వారం ఏం పని చేస్తున్నారు?" అని అడిగితే మాత్రం పార పక్కన పెట్టి పదినిమిషాలు చెప్తారు, ఒక్కోసారి మూసి ఉన్న షెడ్డు తలుపు తీసి చూపిస్తారు కూడా. గైడెడ్ వాక్ ఉంటే వదులుకోకండి.

కొన్ని జాగ్రత్తలు. వాన పడుతుంది, పడదని ఫోన్ చెప్పినా పడుతుంది, మట్టికి పాడవని బూట్లు వేసుకోండి. చీరలో వచ్చే పెద్దవాళ్ళకి కాళ్ళకి మంచి షూ, సాక్సులు ముందే చెప్పి వేయించండి. క్యూలో మన తిండి మనం తీసుకెళ్ళి గడ్డి మీద కూర్చుని తినొచ్చు, పులిహోర డబ్బా పట్టుకెళ్తే ఖర్చూ తగ్గుతుంది. పూజకని ఒక పువ్వు కొయ్యడం మనకి అలవాటే కానీ ఇక్కడ రాలిన పువ్వు కూడా ముట్టుకోవద్దని ఇంటి దగ్గరే చెప్పండి. గింజలు జేబులో వేసుకోవద్దు. షాపులో కొన్న మొక్కలైనా, విత్తనాలైనా ఇండియాకి తీసుకెళ్ళాలంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్ళు లేవని ఇచ్చే పత్రం), దిగుమతి అనుమతి కావాలి. అవి లేకుండా సూట్‌కేస్‌లో పెట్టకండి, ఒక్క మొక్కతో వచ్చే తెగులు మనవాళ్ళ పొలాలకి చేసే నష్టం చాలా పెద్దది.

ఒక్క రోజే ఉంది, ఒక్కటే చూడాలి అంటే ఎవరితో వెళ్తున్నారో దాన్ని బట్టి చూసుకోండి. నడవలేని పెద్దవాళ్ళతో అయితే చెల్సీ, చిన్నది, కూర్చోడానికి బెంచీలున్నాయి, మూడు గంటల్లో తీరిగ్గా అయిపోతుంది. పిల్లలతో అయితే క్యూ, లేబుళ్ళ ఆట అక్కడే బాగా సాగుతుంది. ఊళ్ళో వ్యవసాయం చేసిన నాన్నగారో మామగారో వచ్చారంటే రెండో ఆలోచన లేకుండా హాంప్టన్ కోర్ట్ కిచెన్ గార్డెన్‌కి తీసుకెళ్ళండి, టికెట్ నియమాలు అప్పుడప్పుడూ మారుతుంటాయి కాబట్టి తోటకి, ప్యాలెస్‌కి విడివిడిగా ఎలా ఉందో ముందురోజు చూసుకుని, పొద్దున్నే వెళ్ళి ముందు ద్రాక్ష తీగ దగ్గరే మొదలుపెట్టండి, పదకొండు దాటితే ఆ చిన్న గదిలో జనం బారులు తీరతారు.